భూమికి విశ్రాంతి, మనుష్యులకు విడుదల

పాఠ్యభాగము: లేవీయకాండము 25:1–10, 39–43, కీర్తన 24



ఊరు విడిచి వచ్చిన మనలో అనేకులకు స్వగ్రామమందు ఇంకను కొంత నేల యున్నది. పట్టాలో మన పేరుండవచ్చును గాని, భూమి దేవునిదని కీర్తనకారుడు సాక్ష్యమిచ్చుచున్నాడు. దానిమీద మనము పరవాసులమని లేవీయ 25:23 నేర్పుచున్నది. వలసవచ్చిన మనకు ఈ సంగతి బాగుగా తెలియును.

1. నేలను ఎరిగినవారు

వెంగల్ గ్రామమున్న తిరువళ్లూరు జిల్లాలో ఇరుళ గిరిజనులు నివసించుచున్నారు. ఎలుక బొరియను, పాము జాడను, మందు మొక్కను వారు చూచి గుర్తుపట్టుదురు. పొలములో వారు ఎలుకలను పట్టినందున రైతుకు ధాన్యము దక్కును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత పాము చర్మముల వ్యాపారము ఆగిపోగా వారి జీవనాధారము పోయెను. 1978లో ఇరుళ పాములవారి సహకార సంఘము ఏర్పడెను. అక్కడ విషము తీసిన పామును చంపరు, మరల అడవిలో విడిచిపెట్టుదురు. ఆ విషముతోనే పాముకాటుకు మందు తయారగును. 2023లో వారిలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, పద్మశ్రీ పొందిరి. కావలసినంత తీసికొని, మిగిలినది బ్రదుకనిచ్చుట వారి పద్ధతి. పొలము అంచులను బీదలకు విడువుమన్న ఆజ్ఞ (లేవీయ 19:9) కూడ ఇట్టిదే.

2. నేలను అలయజేసినవారము

వెంగల్‌కు చేరువనున్న తామరైపాక్కంలోను, మీంజూరులోను మద్రాసు నగరము కొరకు 1960ల చివరనుండి గొట్టపుబావులు వేసిరి. వాన నింపినదానికంటె ఎక్కువ తోడినందున మీంజూరు వైపు భూగర్భములోనికి సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొనివచ్చెను. ఆ నీరు త్రాగినది పట్టణము. బావి చెడినది పల్లెకు. పట్టణమునకు వలసవచ్చిన మనము ఇందులో నిర్దోషులమా?

3. విడుదల లేని విశ్రాంతి లేదు

నేలను ఇంతగా ఎరిగిన ఇరుళ కుటుంబములు అనేకము ఈ జిల్లాలోని ఇటుక బట్టీలలో, బియ్యపు మిల్లులలో బయానా అప్పుకు కట్టుబడి వెట్టిచేసిరి. 1976 చట్టము వెట్టిని రద్దుచేసినను, ఆ తరువాతను అధికారులు అనేకులను విడిపింపవలసివచ్చెను. లేవీయ 25లో భూమి విశ్రాంతియు దాసుల విడుదలయు ఒకే అధ్యాయములో నున్నవి. వారి జ్ఞానమును మెచ్చుకొని వారి సంకెళ్లను చూడకపోయినయెడల మనము సగము పాఠమే చదివినవారమగుదుము.

ఆలోచించుడి

1. మన ఊరి నేలను కౌలుకిచ్చినప్పుడు, దానిలోని మట్టి, ఇసుక, నీరు ఏమగుచున్నవో విచారించుచున్నామా?

2. మన ఇల్లు కట్టిన ఇటుక ఎవరి చేతులు చేసినవి? వారికి న్యాయమైన కూలి ముట్టినదా?

3. ఈ నెలలో మన పిల్లలకు ఊరి చెట్టు, చెరువు, పురుగు పేర్లు ఐదైనను నేర్పగలమా?

ప్రార్థన: ప్రభువా, నీ భూమిమీద నమ్మకమైన పరవాసులుగా మమ్మును నడిపించుము. ఆమేన్.