ఎల్లంపల్లి జలాశయంలో నీటి కలకదనం: ఉపగ్రహ చిత్రాలతో పరిశీలన

వానాకాలం మొదట్లో గోదావరికి కొత్తనీరు రాగానే మంచిర్యాల, శ్రీరాంపూర్ ప్రాంతాల్లో నది రంగు మారిపోతుంది. శ్రీరాంపూర్‌కు ఎగువన ఉన్న శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం సామర్థ్యం 20.175 టి.ఎం.సీ. హైదరాబాద్ తాగునీటిలో కొంత భాగం, రామగుండం విద్యుత్ కేంద్రం అవసరాలు దీనిపై ఆధారపడి ఉన్నాయి. పైన శ్రీరాంసాగర్ గేట్లు తెరవకపోయినా, కడెం నది ఒక్కటే పొంగినా చాలు, ఈ జలాశయం కలకబారవచ్చు. ఆ కలక ఎంత దూరం వ్యాపించిందో, ఎన్నాళ్లకు నీరు తేరుకున్నదో ఒడ్డున ఒకచోట ముంచిన సీసా చెప్పలేదు.

ఇది రైతుకు సంబంధించిన ప్రశ్న కూడా. నీటిలో తేలాడే ఘనపదార్థాలు లీటరుకు 50 మి.గ్రా. లోపు ఉంటే డ్రిప్పర్లు పూడుకుపోయే ప్రమాదం తక్కువ; 100 మి.గ్రా. దాటితే తీవ్రం. తాగునీటి విషయంలో ఐ.ఎస్. 10500 (2012) ప్రమాణం టర్బిడిటీని 1 ఎన్.టి.యు.కు పరిమితం చేసింది. వేరే ఆధారం లేనప్పుడు 5 వరకు అనుమతించింది. ఎన్.టి.యు. కాంతి చెదరడాన్ని కొలుస్తుంది, మి.గ్రా. బరువును. ఒకదాన్ని రెండోదిగా మార్చాలంటే స్థానికంగా కొలిచి తీరాలి.

తేటనీరు ఎరుపు, సమీప పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఒండ్రు కలిసిన నీరు ఆ కాంతిని వెనక్కి చెదరగొడుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహాలు ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ పట్టీలను 10 మీటర్ల స్పష్టతతో నమోదు చేస్తాయి. రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకొకసారి అదే చోటికి వస్తాయి. 30 మీటర్ల స్పష్టత గల లాండ్‌శాట్-8, 9 కలిసి 8 రోజులకొకసారి వస్తాయి. సాధారణంగా వాడే టర్బిడిటీ సూచిక చాలా సరళమైనది: ఎరుపు పరావర్తనంలోంచి ఆకుపచ్చ పరావర్తనాన్ని తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి.

లెక్క కోసం మూడు సందర్భాలు తీసుకోవచ్చు. తేటనీటిలో ఎరుపు 0.03, ఆకుపచ్చ 0.05 అయితే సూచిక -0.25. కలకనీటిలో 0.09, 0.08 అయితే 0.06. నీరు మరింత చిక్కబడి 0.14, 0.12కు చేరితే 0.08. మొదటి మార్పు పెద్దది, రెండోది స్వల్పం. అంటే వరద ముదిరే దశలోనే సూచిక మందగిస్తుంది. అక్కడినుంచి సమీప పరారుణ పట్టీని ఆశ్రయించడం మేలు.

విద్యార్థులు తరచుగా పొరబడే చోటు మరొకటి ఉంది. విశ్లేషణకు ముందు నేలనుంచి నీటిని వేరుచేయడానికి ఆకుపచ్చ, సమీప పరారుణ పట్టీల తేడాపై ఆధారపడిన నీటి సూచికను వాడతారు. అది సున్నాకన్నా ఎక్కువైతే నీరు. కానీ పై మూడో సందర్భంలో సమీప పరారుణం 0.13 అయితే ఫలితం రుణాత్మకం. అన్నిటికన్నా బురదగా ఉన్న నీటిని కంప్యూటర్ నేలగా భావించి పటంనుంచి తొలగిస్తుంది. మిగిలిన పటం చూస్తే జలాశయం తేటగా కనిపిస్తుంది! సమీప పరారుణానికి బదులు 1610 నానోమీటర్ల పట్టీని వాడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆ పట్టీ స్పష్టత 20 మీటర్లే అయినా ఈ మార్పు తప్పనిసరి అనే చెప్పాలి.

ఈ ప్రాంతపు నేలలూ ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి. ఎర్ర చల్కనుంచి వచ్చిన ఒండ్రు, నల్లరేగడినుంచి వచ్చిన ఒండ్రు ఒకే బరువులో ఉన్నా ఒకే రంగు చూపవు. శ్రీరాంపూర్ బొగ్గు గనుల ప్రాంతం. ఎక్కడైనా బొగ్గు నలుసులు నీటిలో కలిస్తే అవి కాంతిని పీల్చుకొంటాయి కనుక ఉపగ్రహానికి నీరు ఉన్నదానికన్నా తేటగా తోచవచ్చు. వేసవిలో నాచు పెరిగిన నీటిని 705 నానోమీటర్ల పట్టీతో విడిగా పరీక్షించాలి. లోతు తక్కువ ఉన్న అంచుల్లో అడుగు మట్టి రంగే పైకి కనిపిస్తుంది. ఆ పిక్సెళ్లను వదిలేయడం ఉత్తమం.

అన్నిటికన్నా పెద్ద అవరోధం మబ్బు. జులైనుంచి సెప్టెంబరు వరకు, అంటే కలక అత్యధికంగా ఉండే కాలంలోనే, దృశ్య కాంతి చిత్రాలు చాలావరకు పనికిరావు. రాడార్ మబ్బును దాటి చూడగలదు. అయితే నీటి విస్తీర్ణాన్ని చూపుతుంది తప్ప నీటి లోపలి ఒండ్రును చూపదు. అందువల్ల ఉపగ్రహం నమ్మకంగా చెప్పగలిగేది వర్షాల తరువాత నీరు తేరుకొనే తీరును. వరద రోజుల లెక్క పడవలోంచి తీసిన నమూనాలకే మిగులుతుంది. ఉపగ్రహం చూసేది పైపొరను మాత్రమే కనుక పూడికను కూడా దీనితో లెక్కించరాదు. శ్రీరాంసాగర్ సామర్థ్యం 112 టి.ఎం.సీ.లనుంచి సుమారు 90కి తగ్గిందని 1994లో తేల్చింది జలాశయపు సర్వేయే.

ఎల్లంపల్లికి స్థానిక సమీకరణం రూపొందించదలచినవారు సెంటినెల్-2 వచ్చే రోజున, పదకొండు గంటలకు కాస్త ముందు, కడెం నీరు కలిసేచోటునుంచి ఆనకట్ట వరకు నమూనాలు సేకరించాలి. ఒడ్డుకు కనీసం మూడు పిక్సెళ్ల దూరం పాటించాలి. ప్రతిచోటా జి.పి.ఎస్. స్థానం, సెచ్చి డిస్క్ లోతు, ఎన్.టి.యు., వడకట్టి ఆరబెట్టిన ఒండ్రు బరువు నమోదు చేయాలి. నమూనాల్లో మూడో వంతును సమీకరణంలో చేర్చకుండా, దాన్ని పరీక్షించడానికి విడిగా ఉంచాలి. అక్టోబరులో తీసిన నమూనాలతో కట్టిన సమీకరణాన్ని తొలకరి కొత్తనీటికి వర్తింపజేయకూడదు.