కరువులో లేచిన మెదక్ చర్చి

మెదక్ పట్టణానికి బస్సులో పోతుంటే చాలా దూరం నుంచే ఒక గోపురం కనబడుతుంది. అది మెదక్ చర్చి గోపురం. దాని ఎత్తు 175 అడుగులు. పెద్ద తాటిచెట్లు రెండు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తన్నమాట.

ఇంత పెద్ద కట్టడం ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు?

1914లో పని మొదలైంది. అప్పుడు మెదక్ నిజాం రాజ్యంలో ఉండేది. ఆ ఏడే యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఈ ప్రాంతంలో కరువు పడింది. చేతికి పని లేదు. కడుపుకు తిండి లేదు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే దొర అప్పటికి చాలా ఏళ్లుగా మెదక్‌లో ఉంటున్నారు. ఆయన ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ బోధకుడు. ఊరికే గంజి పోస్తే ఎన్నాళ్లు పోస్తారు? పని చూపిస్తే తిండీ దొరుకుతుంది, మర్యాదా నిలుస్తుంది. అందుకని చర్చి కట్టే పని పెట్టి, చేసినవారికి తిండి పెట్టారు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. కరువు పనులలో తట్టలు మోసిన అక్కచెల్లెళ్లు ఏ ఊళ్లో లేరు? 2006లో ఉపాధి హామీ పనులు మొదలైనప్పుడు కూడా చాలా ఊళ్లలో వాటిని ‘కరువు పని’ అనే పిలిచారు.

కట్టడం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, చర్చి తలుపులు తెరిచారు. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. ఆసియాలో ఇదే పెద్దదని కొందరు, రెండోదని కొందరు అంటారు. ఆ పోటీ మనకెందుకు గానీ, లోపలికి పోదాం.

పైనుంచి చూస్తే చర్చి శిలువ ఆకారంలో ఉంటుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఆరు గజాల చీర అంటే 18 అడుగులు. అలాంటి చీరలు 11 వరుసగా పరిస్తే 198 అడుగులు. ఇంకా రెండు అడుగులు మిగులుతుంది! లోపల ఒకేసారి 5,000 మంది కూర్చోవచ్చు. గోడలు రాతివి. నేల మీది రంగుల పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయి.

అన్నిటికన్నా చూడవలసినవి మూడు రంగుటద్దాల కిటికీలు. చిన్న చిన్న గాజు ముక్కలను కలిపి బొమ్మలు చేశారు. పడమటి కిటికీలో ఏసు పుట్టుక ఉంది. తూర్పు కిటికీలో ఆయనను శిలువ వేసిన బొమ్మ ఉంది. ఎదురుగా, ఉత్తరాన, ఆయన పరలోకానికి వెళ్లే దృశ్యం. చదువు రానివాళ్లు కూడా ఈ బొమ్మలు చూసి కథ తెలుసుకునేవారు. బయట ఎండ ఉంటేనే రంగులు వెలుగుతాయి. పొద్దున తూర్పు కిటికీ బాగుంటుంది, సాయంత్రం పడమటిది. రాత్రి లోపల ఎన్ని దీపాలు పెట్టినా బొమ్మ కనబడదు.

దీనిని కథీడ్రల్ అని కూడా అంటారు. బిషప్పు, అంటే ఆ ప్రాంతపు చర్చిలన్నిటికీ పెద్ద, ఏ చర్చిలో పీఠం వేసుకుంటారో అది కథీడ్రల్. 1947లో ప్రొటెస్టంట్ సంఘాలు కొన్ని కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. దానినే సి.ఎస్.ఐ. అంటారు. మెదక్ చర్చి ఆ సంఘానిది. రోమన్ కాథలిక్కుల కథీడ్రళ్లు వేరు. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఉన్న సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ వారిది.

హైదరాబాదు నుంచి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. కిటికీలు చూడాలంటే పగలే పోవాలి.

మాట్లాడుకోండి, రాయండి:

మీ ఊళ్లో కరువు పనితో తవ్విన చెరువు గానీ, వేసిన రోడ్డు గానీ ఉందా? అందులో ఎవరెవరు పని చేశారు? పెద్దవాళ్లను అడిగి వాళ్ల పేర్లు రాయండి.

చర్చి వెడల్పు 100 అడుగులు. అంత మేర పరవాలంటే ఎన్ని చీరలు కావాలి?