సెలవులలో మంజీరా తీరము: చూడదగినవి, చేయదగినవి

సెలవు లనగా పుస్తకములను కట్టిపెట్టి ఊరక కాలము గడపుటయే యని కొందఱు తలంతురు. చూడదగిన ప్రదేశము లన్నియు దూరదేశములందే యున్నవనియు, యాత్రలు ధనవంతులకే సాధ్యమనియు మఱికొందఱు భావింతురు. "మా యూర చూచుట కేమున్నది?" అను మాట బోరంచవంటి పల్లెలనుండి వచ్చు బాలబాలికల నోట తఱచుగ వినబడుచున్నది. ఈ మాట సత్యము కాదని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశ్యము.

దూరదేశముల యాత్రికులు

ఐరోపాఖండపు పడమటి యంచున ఐర్లండు, స్కాట్లండు, వేల్సు, బ్రిటనీ మొదలగు ప్రాంతములు గలవు. అచటి ప్రజల ప్రాచీనభాషలు కెల్టిక్ శాఖకు చెందినవగుటచే వీనిని కెల్టిక్ దేశములని పిలుతురు. ఏటేట లోకమందలి నలుమూలలనుండి జనులు సెలవులు గడపుటకై యచటికి బోవుచుందురు. వారచట చూచున దేమి? ఐర్లండులోని న్యూగ్రేంజి యను చోట సుమారు 5,200 ఏండ్లనాటి రాతిగోరి యొకటి గలదు. డిసెంబరు నెలలో పగలు మిక్కిలి పొట్టిగ నుండు దినములందు ఉదయసూర్యుని కిరణములు దాని యిఱుకుదారి వెంట లోపలి గదివఱకు ప్రసరించును. వేల్సులో 1283వ సంవత్సరమున ప్రారంభింపబడిన కార్నార్వన్ కోట నీటియొడ్డున నేటికిని నిలిచియున్నది. పాతరాళ్లు, పాడుపడిన కోటలు, బావులు, ఏఱులు, పల్లెపాటలు: ఇవియే యచటి సొత్తు. ఇట్టివి మనకును గలవు. వారు వానిని కాపాడి, పేరుపేరున చెప్పుకొనుచున్నారు. మనము చెప్పుకొనుట లేదు. భేద మింతియే.

ఈ కాపాడు పనిలో అచటి బడిపిల్లలకును పాలు గలదు. 1937 మొదలు 1939 వఱకు ఐర్లండులోని జానపదవిజ్ఞాన సంఘమువారు పాఠశాలల పిల్లలకొక పని నప్పగించిరి. సుమారు 5,000 పాఠశాలలకు చెందిన 50,000 మందికి పైబడిన విద్యార్థులు తమ యింటి పెద్దలను, ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి, కథలు, సామెతలు, నాటువైద్యములు, పండుగలు, పొలముల పేర్లు నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. అదంతయు కూడి సుమారు 7,40,000 పుటలయినది. డబ్లిన్ నగరమందలి విశ్వవిద్యాలయ కళాశాలలో నది నేటికిని భద్రముగ నున్నది. వ్రాసినవారు పండితులు కారు, మీవంటి పిల్లలే. ఈ విషయమును మనస్సున నుంచుకొని మన యేటివెంట నడుతము.

మంజీరానది

మంజీర మహారాష్ట్రమందలి బీడ్ జిల్లాలో బాలాఘాటు కొండలయందు పుట్టుచున్నది. సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి, నిజామాబాదు జిల్లాలోని కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. ఇది తొలుత తూర్పునకు పాఱి, సంగారెడ్డి ప్రాంతమున ఉత్తరమునకు మఱలును. మహారాష్ట్రము, కర్ణాటకము, తెలంగాణము అను మూడు రాష్ట్రములు దీని నీరు త్రాగుచున్నవి. ఈ నది వెంబడి చూడదగిన స్థలములను వరుసగ వివరింతుము. అన్నియు నొక్కమారే చూడనక్కఱలేదు. సెలవునకు రెండు మూడు చూచినను చాలును.

బీదరు. నారాయణఖేడునకు సమీపమున నున్న ఈ నగరము 15వ శతాబ్ది తొలిభాగమున బహమనీ సుల్తానులకు రాజధాని యయ్యెను. కోట, సమాధులు, భూమిలోపల త్రవ్విన కరేజను నీటికాలువ యిచట చూడదగినవి. అన్నిటికంటె విద్యార్థులు ముఖ్యముగ చూడవలసినది మహమూద్ గవాను కట్టించిన మదరసా. ఇది 1472లో పూర్తియైన మూడంతస్తుల విద్యాలయము. గవాను పారసీక దేశమందలి గీలాను సీమనుండి వచ్చి మంత్రియైనవాడు. శత్రువులు పుట్టించిన దొంగయుత్తరమును నమ్మి సుల్తాను 1481లో నతనికి మరణదండన విధించెను. అటుపిమ్మట రాజ్యము ముక్కలైపోయినది. అతని విద్యాలయము మాత్రము, సగము కూలినను, నిలిచియున్నది.

బిద్రీపనియు నిచట కన్నులార చూడవచ్చును. తుత్తునాగమును కొంచెము రాగితో కలిపి పాత్రను పోతపోయుదురు. దానిపై ఉలితో పూలు, తీగెలు చెక్కి, ఆ చాళ్లలో వెండితీగెను అదిమి కొట్టుదురు. పిదప పాతకోటలోని మట్టిని నవాసారముతో కలిపి మఱగించి పాత్రకు పట్టింతురు. లోహము నల్లబడును, వెండి మాత్రము తెల్లగనే మెఱయును. ఇది రసాయనశాస్త్ర పాఠము కాదా?

ఝరాసంగము. ఇచటి కేతకీ సంగమేశ్వరాలయమునకు తెలుగువారు, కన్నడిగులు, మరాఠీలు నొక్కటిగ వచ్చుచుందురు. శివరాత్రినాడు ఒకే ముంగిట మూడు భాషలు వినబడును.

బోరంచ. మనూరు మండలములోని యీ గ్రామమున నల్లపోచమ్మ దేవాలయము ప్రసిద్ధమైనది. బోనములతో వచ్చు జనులు, వారి పాటలు, మంజీర నీరు, నల్లరేగడి చేలు చూడదగినవి. ఈ సీమయొక్క చరిత్ర మిక్కిలి విచిత్రము. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము భాషలను బట్టి విభజింపబడగా, నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లానుండి మెదకు జిల్లాకు మాఱినది. 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడగా అందులో చేరినది. కావున తాత బీదరు జిల్లాలో, తండ్రి మెదకు జిల్లాలో, మనుమడు సంగారెడ్డి జిల్లాలో పుట్టిరి; మువ్వురును పుట్టినది ఒకే యింటిలో! ఊరిపేళ్లలోను ఈ కలయిక కానవచ్చును. మరాఠీలో ఖేడె యనగా పల్లె. నారాయణఖేడు పేరున నామాట నేటికిని నిలిచియున్నది.

సింగూరు. ఇచట 1980వ దశకమున ముగిసిన ఆనకట్ట సుమారు 30 టి.ఎం.సి.ల నీటిని నిలుపగలదు. దీని నీటిని హైదరాబాదు నగరవాసులు త్రాగిరి. అయితే దీని క్రింద పలు గ్రామములు మునిగినవి. ఆ యిండ్లను, గుళ్లను, చింతచెట్లను ఎఱిగినవారు కొందఱు నేటికిని మన నడుమ నున్నారు. వారితోపాటు ఆ జ్ఞాపకమును మునుగనీయరాదు. ఆనకట్టకు దిగువన మంజీరా వన్యప్రాణి రక్షితస్థలము గలదు. ఇది 1978లో నేర్పడినది. ఇచట మొసళ్లు వసించును. శీతకాలమున తలపై నల్లనిపట్టెలు గల బాతులు హిమాలయములను దాటి వచ్చును.

కొండాపురము. సంగారెడ్డికి సమీపమునందలి ఈ గ్రామపు దిబ్బలను 1940వ దశకపు మొదట త్రవ్వగా, శాతవాహనుల నాణెములు, మట్టిబొమ్మలు, పూసలు దొరికినవి. రోము చక్రవర్తి యగు ఆగస్టసుని బంగారు నాణెమును దొరికినది. రెండువేల యేండ్ల క్రిందట మన సీమ లోకముతో వర్తకము సలిపెననుటకు ఇంతకంటె వేఱు సాక్ష్య మేల? వీనిని అచటి ప్రదర్శనశాలలో చూడవచ్చును.

ఏడుపాయలు, మెదకు. నాగ్సాన్‌పల్లివద్ద మంజీర యేడు పాయలై చీలును. అచట వనదుర్గాలయము గలదు. చేరువనే 1905లో కట్టిన ఘనపురపు ఆనకట్ట గలదు. మెదకులో 1914లో ఆరంభింపబడి 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవము జరిగిన పెద్దచర్చి గలదు. దీనిని కట్టించినవారు పోస్నెట్టుదొరగారు. దీని గోపురపు టెత్తు సుమారు 175 అడుగులు. రంగు గాజుకిటికీలను పగలే చూడవలెను. వెలుపలి వెలుగు లేనిచో నా చిత్రములు కానరావు.

నిజాంసాగరు, కందకుర్తి. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరమును నిర్మించిన యింజనీరు నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు. ఇచట గణితశాస్త్రము రాతిగోడయై నిలిచినది. కందకుర్తివద్ద మంజీర తన పేరును గోదావరికి అప్పగించును.

చేయదగిన పనులు

మొదటిది: ఒక నోటుపుస్తకము, సీసపుకడ్డి వెంట నుంచుకొనుడు. చూచిన దానిని ఆ రాత్రియే వ్రాయుడు. ఱేపటికి సగము మఱపున బడును.

రెండవది: అవ్వను, తాతను, ఇరుగుపొరుగు వృద్ధులను ప్రశ్నింపుడు. చేని పేరేమి? ఆ పేరెట్లు వచ్చినది? బావి నెవరు త్రవ్వించిరి? మునిగిన యూరిలో మీ యిల్లెచట నుండెను? వారు చెప్పిన మాటలనే, కన్నడము కలిసినను, ఉర్దూ కలిసినను, దిద్దక వ్రాయుడు. చెప్పినవారి వయస్సును, తేదీని అడుగున గుర్తింపుడు.

మూడవది: మీ యూరి పటమును గీయుడు. చెఱువు, గుడి, మసీదు, చర్చి, పెద్దచెట్లు, పాతరాళ్లు అందు చూపుడు. శాసనము కనబడినచో దానిపై సున్నము పూయనీయక, ఉపాధ్యాయులకు తెలుపుడు.

నాల్గవది: కోటగోడలపై పేర్లు చెక్కకుడు. ఐదువందల యేండ్లు నిలిచిన గచ్చును ఒక మేకుతో చెఱుపుటకు నిమిషము చాలును. తిరిగి చేయుటకు ఎవరితరమును గాదు.

ఐదవది: పెద్దలు తోడులేక నీటిలో దిగకుడు. ఆనకట్టల తూములు తెఱచినపుడు ప్రవాహము హఠాత్తుగ పెరుగును. మొసలి నీటిలో కొయ్యదుంగవలె కదలక యుండును.

విద్యార్థులారా! ఐర్లండు పిల్లలు ప్రశ్నించిన వృద్ధులు ఎప్పుడో గతించిరి. వారి మాటలు మాత్రము నేటికిని చదువవచ్చును, ఏలయన ఒక సెలవుసాయంకాలమున ఒక బాలుడో, బాలికయో కూర్చుండి వ్రాసికొనెను. మన యూళ్ల వృద్ధులు మీకై కాచియుండరు. సింగూరు నీటిక్రింద నున్న పల్లెల నెఱిగినవారు ఏటేట తగ్గుచున్నారు. ఈ సెలవులలో ఒక్కొక్కరు ఒక్క వృద్ధునితో మాటలాడి, పది పుటలు వ్రాసి తెచ్చినచో, మన పాఠశాల గ్రంథాలయమున మఱి యే గ్రంథాలయమునను లేని పుస్తకమొకటి చేరును. అట్టి పుటలను రాబోవు సంచికలయందు చూడవలయునని మేము కోరుచున్నాము.