అడుగు బురద నేర్పిన పాఠాలు

విశాఖ లోపలి రేవులో గ్రాబు అనే పంజా పరికరం దించి, బురద తోడి అందులోని జీవాల్ని చూస్తూ నా ఉద్యోగంలో సగం రోజులు గడిచాయి. 1933లో మొదలైన రేవు అది. మేఘాద్రిగెడ్డ నీరు, ఊరి మురుగు, ఫ్యాక్టరీల నీరు అన్నీ అందులోకే వస్తాయి. సముద్రంలోకి పోవడానికి ఇరుకు కాలువ ఒక్కటే దారి. ఇప్పుడు గ్రాబు పట్టే పిల్లలకు ఈ అయిదు మాటలు.

1. నీళ్ల రంగు చూసి రేవు బాగుందో లేదో తీర్పు చెప్పకండి. పోటుకీ పాటుకీ నీరు మారిపోతుంది. అడుగున ఉండే పురుగూ గుల్లా ఎక్కడికీ పోలేవు, వచ్చిందంతా భరిస్తాయి. సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతి చెబితే, బురద నెలల సంగతి చెబుతుంది.

2. గ్రాబు తెరవగానే వాసన చూడండి. బురద నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడితే అక్కడ ఆక్సిజన్ లేదన్నమాటే.

3. తలలు కాదు, జాతులు లెక్కపెట్టండి. ఇందులో నేనే తప్పు చేశాను. కొత్తలో ఒకరోజు అర మిల్లీమీటరు జల్లెడలో బురద కడిగితే ఎర్రటి దారప్పోగుల్లా వందల పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ‘జీవం సమృద్ధి’ అని పుస్తకంలో రాసేశాను. మైక్రోస్కోపు కింద చూస్తే దాదాపు అన్నీ ఒకటే జాతి, కాపిటెల్లా కాపిటాటా. కొన్ని వారాల్లోనే ఎదిగి గుడ్లు పెట్టే పురుగు. మిగతావి చచ్చిపోయిన చోట ఇదొక్కటే విస్తరిస్తుంది. పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు 1978లో ఈ వరుసనే వివరించారు: సేంద్రియ పదార్థం కొద్దిగా చేరితే జాతులు కాస్త పెరుగుతాయి, మితిమీరితే లోతుగా బొరియలు తవ్వే పెద్ద జీవులు పోతాయి, చిన్న పురుగులు కిక్కిరుస్తాయి, ఆఖరికి అవీ ఉండవు. ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాశాను.

4. నత్రజని, భాస్వరం చేనుకు బలమే, మూసుకున్న రేవుకు మాత్రం కాదు. వాటితో నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. చచ్చి అడుక్కి చేరాక దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా ఉన్న ఆక్సిజనంతా తినేస్తుంది.

5. పడవ నడిపే సరంగు మాట వినండి. మా సరంగు గ్రాబు దించకముందే అనేవాడు: “మాస్టారూ, ఇక్కడ లంగరెత్తితే నల్లగా వస్తాది. నా సిన్నప్పుడు మా అయ్య ఇక్కడే పీతలు పట్టేవోడు.” ఆ చోట నా జల్లెడలో ఒక్క పీతపిల్ల కూడా పడలేదు.