పసిబిడ్డల రక్షణ: ఢిల్లీ నగరపు పాఠము

1994వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఢిల్లీ నగరమున మూడేండ్లలోపు బిడ్డలకు ఒకే దినమున పోలియో చుక్కలు వేయు కార్యక్రమము జరిగినది. అప్పటి ఢిల్లీ ఆరోగ్యశాఖ మంత్రి డాక్టరు హర్షవర్ధన్ దీనికి పూనుకొనిరి. రెండవ విడత డిసెంబరులో జరిగినది. 1995లో దేశమంతటను ఈ పద్ధతియే అవలంబింపబడినది.

అందఱికిని ఒకే దినమున వేయుట యెందులకు? పోలియో వైరసు మలముచే చెడిన నీటి ద్వారా, ఆహారము ద్వారా నోట ప్రవేశించి ప్రేవులలో వృద్ధిచెందును. కొలదిమంది బిడ్డలలో మాత్రమే నరములకు సోకి కాళ్లను చచ్చుపడజేయును. తక్కినవారు ఆరోగ్యవంతులవలెనే కనబడుచు ఇతరులకు అంటించుచుందురు. చిక్కంతయు ఇచ్చటనే కలదు. మన బిడ్డకు వేయించి పొరుగుబిడ్డను విడిచినచో వైరసునకు నిలువ నీడ దొరకును.

మంత్రి ఆజ్ఞ తనంతట ఇంటి గడప దాటదు. బిడ్డను చంకనెత్తుకొని కేంద్రమునకు రావలసినది తల్లి. కట్టడపు పనులకై వలసవచ్చినవారి గుడిసెలు ఏ జాబితాలోను లేకపోవచ్చును. అందలి పసివారి సంగతి ఇరుగుపొరుగువారికే తెలియును. చుక్కలు పడిన బిడ్డ చిటికెనవ్రేలికి సిరా గుర్తు పెట్టుదురు, ఓటు వేసిన పెద్దలకు పెట్టినట్లే!

దేశమున సహజ పోలియో వైరసు సోకిన కడపటి బిడ్డ 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడెను. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ధ్రువపఱుపబడినది. కాని పాకిస్తాను, ఆఫ్ఘనిస్తానములలో ఆ వైరసు నశింపలేదు. కావున ప్రకటించిన దినమున ఐదేండ్లలోపు బిడ్డలను కేంద్రమునకు తీసికొనిపోవలెను. లోగడ వేయించియున్నను మరల వేయింపవలెను, పురిటిబిడ్డను సైతము విడువరాదు.