నయా థియేటర్ – నాటక కళాదృష్టి

స్వాతంత్ర్యానంతరం మన నగరాల నాటకరంగంలో ప్రయోగమంటే పాశ్చాత్య రీతుల అనుసరణమే అన్న భావన బలంగా ఉండేది. 1959లో ఢిల్లీలో హబీబ్ తన్వీర్ (1923–2009) స్థాపించిన నయా థియేటర్ ఇందుకు భిన్నమైన దారి తొక్కింది. రాయపూర్‌లో జన్మించిన ఆయన లండన్‌లో నాటకశిక్షణ పొందారు; బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకాలు చూశారు. తిరిగివచ్చి 1958లో శూద్రకుని మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ'గా ప్రదర్శించినప్పుడు ఛత్తీస్‌గఢ్ 'నాచా' కళాకారులు ఆరుగురిని నటులుగా తీసుకున్నారు.

ఈ ఎంపిక కేవలం వింత కోసం చేసినది కాదు. సంస్కృత నాటకాలలో 'పరిక్రమ్య' అన్న సూచన తరచుగా కనిపిస్తుంది. పాత్ర రంగస్థలంపై ఒక చుట్టు తిరిగితే చాలు, వీథి ఇల్లవుతుంది, ఇల్లు ఉద్యానమవుతుంది. తెరలతో పనిలేదు. పండితులు గ్రంథాలలో చదువుకొనే ఈ సంప్రదాయానికి పల్లెటూరి ప్రదర్శనలలో ప్రాణం మిగిలి ఉన్నదని తన్వీర్ గ్రహించారు.

అయినా తొలినాళ్ళలో ఆశించిన ఫలితం రాలేదు. స్వగ్రామంలో తెల్లవార్లూ జనాన్ని నవ్వించే నటులు నగర వేదికపై బిగుసుకుపోయేవారు. లోపం నటులది కాదు. వారిచేత హిందీ పలికించడం ఒక పొరపాటు. ఫలానా మాటకు ఫలానా వైపు నడవాలని ముందే గీత గీయడం మరొకటి. ప్రేక్షకుల స్పందననుబట్టి మాటను, అడుగును మార్చుకొనే నటునికి ఈ రెండూ సంకెళ్ళే. అందుచేత తన్వీర్ వారిని మాతృభాష అయిన ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చారు. సన్నివేశాన్ని వివరించి, సంభాషణలను వారి ఆశుకల్పనకు వదిలారు; వాటిలోనుండి ఎంపిక చేసి కూర్చే బాధ్యత తాను వహించారు. 1973లో రాయపూర్‌లో నిర్వహించిన శిక్షణశిబిరంతో ఈ పద్ధతి స్థిరపడింది.

దీని పరిణత ఫలం 'చరణ్‌దాస్ చోర్' (1975). విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథ దీనికి మూలం. ఒక దొంగ బంగారు పళ్ళెంలో తిననని, ఏనుగునెక్కి ఊరేగనని, రాణిని పెండ్లాడనని, రాజ్యం ఏలనని గురువు ఎదుట వేళాకోళంగా ప్రతిజ్ఞ చేస్తాడు. అబద్ధమాడవద్దని గురువు మరొకటి చేర్చుతాడు. దొంగకు ఇవన్నీ ఎన్నడూ ఎదురుకాని విషయాలు! కాని కథ వాటినే ఒక్కొక్కటిగా అతని ముందుకు తెస్తుంది. చివరకు రాణి తన్ను వరించమని కోరుతుంది. కాదన్నప్పుడు, ఆ సంగతి బయట చెప్పవద్దని వేడుకొంటుంది. నిజం దాచనన్నందుకు దొంగ ప్రాణం కోల్పోతాడు. అంతవరకు పకపక నవ్విన సభ ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. సత్యాన్ని దైవంగా భావించే సత్‌నామీల పంథీ పాటలు ఈ ఘట్టాలకు గాంభీర్యాన్నిచ్చాయి.

నాచా సహజ స్వేచ్ఛను నగర దర్శకుడు కుదించాడన్న ఆక్షేపణ ఉన్నది. రాత్రంతా సాగే ప్రదర్శనను పరిమిత కాలానికి ఒదిగించడంలో కొంత నష్టం తప్పదు. అయితే కూర్పు దర్శకునిదైనా పలుకు నటులదే. 1982లో ఎడింబరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం పొందినప్పుడు కూడా ఆ నటులు అక్కడ మాట్లాడినది తమ ఊరి ఛత్తీస్‌గఢీయే.