పాటను స్పష్టముగా వినుట ఎట్లు?

విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల 1919లో వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమ ప్రిన్సిపాలు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచట సంగీతము నేర్చినవారే. ఇట్టి సంగీతసీమలో నేడు పాట సెల్‌ఫోనులో, చిన్న ప్లేయరులో నిలువయుండి, తీగ ద్వారా ఇంటి స్టీరియోకు చేరుచున్నది. అయినను పలుచోట్ల గొంతు బొంగురుగా వినవచ్చును. దీనికి కారణములను విచారింతము.

మొదటిది: తీగను స్టీరియోలోని ‘ఆక్స్’ సాకెట్టునకే కలుపవలెను. మైకు సాకెట్టు కొన్ని మిల్లీవోల్టులకే ఏర్పడినది. ప్లేయరు అంతకు ఎన్నో రెట్లు అధికముగా పంపును. అందుచే పాట గరగరలాడును.

రెండవది: ప్లేయరు ధ్వనిని సుమారు ముప్పాతిక వంతున నిలిపి, తక్కినది స్టీరియోలో పెంచుకొనవలెను. ప్లేయరులో మరీ తగ్గించినచో, స్టీరియోను పెంచినపుడు దాని బుస శబ్దమును పెరుగును.

మూడవది ముఖ్యము. ఎంపీ3 పద్ధతిలో, ఫైలు చిన్నదగుటకై ధ్వనిలో కొంత భాగమును విడిచివేయుదురు. సెకనుకు 64 కిలోబిట్ల ఫైలునకు, 320 కిలోబిట్ల ఫైలునకు గల భేదము మంచి స్పీకరులో బయటపడును. విడిచిన భాగమును ఏ స్టీరియోయు తిరిగి తేజాలదు.

కావున మన గ్రామములందలి వృద్ధ కళాకారుల తప్పెటగుళ్లను, జముకుల కథలను రికార్డు చేయునపుడు, కుదించని ‘వేవ్’ ఫైలును ఒకదానిని భద్రపరచి, నిత్యము వినుటకు వేరొక చిన్న ప్రతిని చేసికొందము. ఆ గొంతులు మరల దొరకవు గదా!